ఆరు వందల పదమూడో మనిషి

పందిరిపాడులో తెలివిగలవాళ్ళు ఎవరని అడిగి చూడండి. మొదట మద్దిలేటి చెయ్యెత్తుతాడు. మా అన్న చెప్పింది నిజమేనని నడిపోడు సుంకన్న చెయ్యెత్తుతాడు. కడగొట్టోడు ఉరుకుందు రెండు చేతులూ ఎత్తుతాడు, ఇంటికాడ మంచంలో ఉన్న నాయనను కూడా కలుపుకొని. ఆ ఇంటి గర్వమంతా ఒకటే. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తారు, వెంట్రుకవాసి అటూ ఇటూ పోరు. ఊళ్ళో మిగతావాళ్ళు సగం విని, సగం సొంత బుర్ర వాడతారనీ, అందుకే చెడిపోతున్నారనీ వాళ్ళ నమ్మకం. ఆ నలుగుర్లో సొంత బుర్ర వాడిన పాపాన మాత్రం ఎవ్వరూ పోలేదు.

నేను కొత్తూరు మనిషిని. జరిగిందంతా కళ్ళారా చూసినా. నా కుడికాలి చెప్పు ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది. కాబట్టి మధ్యమధ్యలో కొంచెం కోపంగా చెప్తే ఏమీ అనుకోవద్దు.

మా కొత్తూరికీ పందిరిపాడుకూ ఏటా ఎండాకాలంలో ఫుట్‌బాల్ పందెం. కప్పు ఎవరికొస్తుంది అనేదానికంటే ఆట ఎవరి ఊళ్ళో అనేదానికే మాకు ఎక్కువ కొట్లాట. ఈ కథకు ముందటేడు వాళ్ళ మైదానంలోనే ఆడినాం. బంతి గోలులో పడిందో లేదో రెఫరీకే తెలీలేదు గానీ, అది చూడ్డానికి రెండు ఊళ్ళూ ఒకేసారి తూర్పు గోడ మీదికి ఎక్కినాయి. ఇంకేముంది, గోడ కూలింది. పదకొండు మందికి కాళ్ళో చేతులో విరిగినాయి. దొరికినవాళ్ళను దొరికినట్టు ట్రాక్టర్లో ఆసుపత్రికి తోలినారు. మద్దిలేటి వాళ్ళ నాయన మాదన్న మాత్రం కనపడలేదు. మాదన్నా, మాదన్నా అని ఊరంతా గొంతు పోయేటట్టు పిలిచింది. పొద్దు గుంకేవేళకు రాళ్ళు తీస్తే అడుగున ఉన్నాడు, కళ్ళు తెరుచుకొని, అన్నీ వింటా. అంతమంది పిలుస్తుంటే ఎందుకు పలకలేదయ్యా అంటే, గోడ పడంగానే ఎవరో పోలీసాయన ఎవరూ కదలొద్దు, మాట్లాడొద్దు అని అరిచినాడంట. మళ్ళీ మాట్లాడొచ్చని ఎవరూ చెప్పలేదంట.

తుంటి ఎముక విరిగి మాదన్న ఆ రోజు నుంచీ మంచం మీదే. కొడుకులు ముగ్గురూ అది తల్చుకొని ఏడుస్తారు. రాళ్ళ కింద కూడా మా నాయన మాట తప్పలేదని గర్వపడతారు. రెండూ ఒకేసారి చేస్తారు, అదీ వాళ్ళ గొప్ప.

మరుసటేడు ఎండాకాలానికి కొత్త ఎస్సై వచ్చినాడు, దస్తగిరి సారని. మీసం, కాగితం, ముద్ర, ఈ మూడింటి మీద ఆయనకు బాగా నమ్మకం. రెండు ఊళ్ళ పెద్దల్నీ పిలిచి చెప్పినాడు. ఈసారి ఒక్కరికి కూడా దెబ్బ తగలకుండా, లోపలికి పోయినవాళ్ళు పోయినట్టు బయటికొస్తే ఆట ఎప్పటికీ పందిరిపాడులోనే. ఏ ఒక్కటి తప్పినా మైదానానికి తాళం, ఇక ఆ ఊళ్ళో బంతి కనపడగూడదు. అందుకోసం గోడ మళ్ళీ కట్టించినాడు, ఎవరూ ఎక్కలేనంత ఎత్తుగా. పడమర దిక్కు లోపలికి వచ్చే గేటు, తూర్పు దిక్కు బయటికి పోయే గేటు పెట్టించినాడు. ఇక కావలికి మనుషులు కావాల. కావలివాడు ఆటకు వీపు పెట్టి, జనం దిక్కు చూస్తా నిలబడాల. ఆ మాట వినంగానే పందిరిపాడులో ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు వచ్చింది. నడుం నొప్పి అన్నవాడు ఒకడు, ఎండ పడదన్నవాడు ఇంకొకడు. ఆట చూడకుండా మైదానంలో నిలబడే మగవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. అప్పుడు మద్దిలేటి లేచి, మేం ముగ్గురం నిలబడతాం అన్నాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది, కొంచెం భయపడింది కూడా.

ఎస్సై సారు ఒక కాగితం రాసి, ముద్ర గుద్ది, ముగ్గుర్నీ నిలబెట్టి చదివి వినిపించినాడు. ఇంకొక ఊళ్ళో అయితే అట్లాంటి కాగితాన్ని మడిచి జేబులో వేసుకొని మర్చిపోతారు. వీళ్ళు ఇంటికి తీసుకుపోయి నాయన గుండెల మీద పెట్టినారు. మాదన్న దాన్ని తడుముతా అన్నాడు:

"నా మాదిరి ఇంకొకడు రాళ్ళ కింద పడుకోగూడదురా. సారు రాసింది రాసినట్టు చేయండి. మీ తెలివి కలపొద్దు."

కలపడానికి ఉంటే కదా అని గడపలో కూర్చున్న ఈరమ్మ మనసులో అనుకుంది. ఈరమ్మ ఉరుకుందు పెండ్లాం, ఆ ఇంటికి పక్క ఊరి నుంచి వచ్చిన పిల్ల, కాబట్టి బుర్ర ఉంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు మొదటిసారి కడుపు పండింది. అప్పటికి నెలలు నిండినాయి. ఉరుకుందు సంతోషం పట్టలేక మూడు నెలల ముందే దూలానికి ఉయ్యాల కట్టినాడు. బిడ్డ వచ్చేసరికి ఉయ్యాలకు ఊగడం అలవాటు కావాలని రోజూ పొద్దున ఒక గంట ఖాళీ ఉయ్యాల ఊపేవాడు.

ఆట రోజు వచ్చింది. నాలుగు గంటలకు ఆటైతే పొద్దున తొమ్మిదికే గేటు తీసినారు. కాగితంలో చివరి మాట లెక్క గురించి కాబట్టి మద్దిలేటి మొదట తమ ముగ్గుర్నీ లెక్కేసుకొని, గేటు పక్క గోడ మీద సున్నంతో మూడు గీతలు గీసినాడు. తర్వాత సుంకన్నను తూర్పు గేటుకు పంపినాడు. ఉరుకుందును మైదానం నడిమధ్యన, ఆటకు వీపు పెట్టి నిలబెట్టినాడు. ఆట ఇంకా మొదలుకాలేదు గదా, దేనికి వీపు పెట్టాలని ఉరుకుందు అడిగితే, ఆట రాబోయే దిక్కుకు పెట్టమన్నాడు. వాడు కొంతసేపు గుండ్రంగా తిరిగినాడు పాపం.

జనాన్ని నెమ్మదిగా లోపలికి పంపాల, తోపులాట ఉండగూడదు అని కాగితంలో మొదటి మాట. నెమ్మది అంటే ఎంత నెమ్మది? మద్దిలేటి దానికి ముందే ఉపాయం చేసి పెట్టుకున్నాడు. ఒక్కొక్కరి చేతికీ నిండుగా నీళ్ళు పోసిన చెంబు ఇచ్చినాడు. గేటు నుంచి కూర్చునే చోటి దాకా చుక్క ఒలకకుండా నడవాల. ఒలికితే వెనక్కు వచ్చి వరుస చివర నిలబడాల. నాది రెండుసార్లు ఒలికింది. మా ఊరి పెద్దమనుషులు, పంచెకట్టు వాళ్ళు, మీసాల వాళ్ళు, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లల మాదిరి తల వంచుకొని చెంబు చూసుకుంటా నడిచిపోతుంటే మా ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

చెంబు దాటితే ఇంకొక గండం. విసరడానికి వీలయ్యే వస్తువు ఏదీ లోపలికి రానీయగూడదు అని రెండో మాట. అంతే, నీళ్ళ సీసాలు పోయినాయి, టవాళ్ళు పోయినాయి, శెనక్కాయల పొట్లాలు పోయినాయి, చేతికర్రలు పోయినాయి. చెప్పుల దగ్గర మద్దిలేటి కొంచెంసేపు ఆలోచించినాడు. మనిషి కోపమొస్తే ఒక్క చెప్పే విసురుతాడు, రెండోది ఇంటికి పోవడానికి ఉంచుకుంటాడు. కాబట్టి కుడికాలివి మాత్రం పీకించినాడు. హంపయ్య తాత పెట్టుడు పండ్లను కూడా వదల్లేదు. ఒక తల్లి చంకలో చంటిబిడ్డను చూసి, ఇది విసరడానికి వీలవుతుందా కాదా అని ఎత్తి చూడబోయినాడు. ఆ తల్లి చెంప మీద ఒకటి ఇచ్చింది. అయితే తల్లి వదలదు కాబట్టి బిడ్డ విసిరే వస్తువు కాదని తేల్చి, చెంప రుద్దుకుంటా లోపలికి పంపినాడు.

నాలుగు కావస్తుండగా రెండు జట్లూ వచ్చినాయి. పందిరిపాడు కెప్టెన్ తిరుపాలు చంకలో బంతి ఉంది. ఇంకేముంది, మద్దిలేటి బంతి లాక్కున్నాడు. విసరడానికి ఇంతకంటే వీలైన వస్తువు ఆ మైదానంలో ఇంకేముంటుంది? బంతి లేకుండా ఏం ఆడతాం, కోతికొమ్మచ్చి ఆడాల్నా అని తిరుపాలు తల బాదుకున్నాడు. దీన్ని మేము కాళ్ళతో తంతాం, విసరం అని మా కెప్టెన్ కూడా వచ్చి బతిమాలినాడు. మద్దిలేటి ఒప్పుకున్నాడు. మరి గోలు దగ్గర నిలబడేవాడు చేత్తో పట్టుకొని విసురుతాడు గదా అని వెంటనే అడిగినాడు కూడా. అంతే, జప్తు చేసిన టవాళ్ళలోంచి రెండు తెచ్చి, రెండు జట్ల గోలీల చేతులూ వెనక్కు విరిచి కట్టినాడు. బంతి గీత దాటి బయటికి పోతే కాలితోనే లోపలికి తన్నాలన్నాడు.

లోపల ఉరుకుందు అప్పటికే ఇంకొక పని చేసి పెట్టినాడు. రెండు పక్షాల మనుషుల్ని కలవనీయగూడదు అని మూడో మాట. అందుకని మైదానం నడిమికి మోకు కట్టి, అటు కొత్తూరోళ్ళను, ఇటు పందిరిపాడోళ్ళను కూర్చోబెట్టినాడు. అక్కడితో ఆగితే బాగుండేది. బీసన్న అని పందిరిపాడాయన, పెండ్లాం మా ఊరి ఆడబిడ్డ. ఇద్దర్నీ చెరొక పక్కకు తోసినాడు. వండిన అన్నం ఎవరూ విసరరని మద్దిలేటి గిన్నెలు మాత్రం వదిలినాడు. ఆయన దగ్గర అన్నం గిన్నె, ఆమె దగ్గర పప్పు గిన్నె. ఆయన ఉత్త అన్నం మింగలేక, ఆమె ఉత్త పప్పు తాగలేక, మోకుకు అటొకరు ఇటొకరు ఒకరినొకరు చూసుకుంటా కూర్చున్నారు. జట్లు లోపలికి రాంగానే, వీళ్ళు కూడా రెండు పక్షాల మనుషులే గదా అని ఉరుకుందుకు తోచింది. ఇటు జట్టు ఇటే, అటు జట్టు అటే. మోకు దాటినవాడు ఆట నుంచి బయటికే.

అట్లా ఆడితే ఏమవుతుంది? ఎవరూ ఎవరి దగ్గరికీ పోలేరు. ఈ పక్క నుంచి వీళ్ళు తంతారు, ఆ పక్క నుంచి వాళ్ళు తంతారు, చేతులు కట్టేసిన గోలీలు తలకాయలు అడ్డం పెడతారు. అరగంటలో మేము పద్నాలుగు గోళ్ళు, వాళ్ళు పదమూడు. గోలు పడితే ఎవరూ లేచి ఎగరగూడదు, కూర్చున్నచోటే కూర్చోవాల అనేది నాలుగో మాట. కాబట్టి గోలు పడిన ప్రతిసారీ ఉరుకుందు ఆటగాళ్ళను కూడా కూర్చోబెట్టినాడు. రెఫరీ ఒక్కడు నిలబడి విజిలు ఊదితే, నువ్వూ కూర్చో సారూ అన్నాడు. నా జన్మలో మా జట్టు ఒక్క ఆటలో పద్నాలుగు గోళ్ళు వేయడం అదే మొదలు, అదే కడ. లేచి ఒక్క కేక వేయడానికి లేక నా కడుపు ఉబ్బిపోయింది.

అప్పుడొచ్చింది ఈరమ్మ, మొగునికీ బావలిద్దరికీ సద్ది తీసుకొని. నిండు నెలల మనిషి చెంబు పట్టుకొని చుక్క ఒలకకుండా నడిచింది, అంత నేర్పరి. మద్దిలేటి ఆరు వందల పన్నెండో గీత గీసినాడు. ఆ రోజుకు అదే ఆఖరు గీత. పాపం, ఉరుకుందు చేతిలో గిన్నె పెట్టేటప్పటికే ఈరమ్మకు నొప్పులు మొదలైనాయి.

ఈరమ్మ అరవలేదు, గోల చేయలేదు. నడుం పట్టుకొని నేరుగా తూర్పు గేటు దిక్కు నడిచింది. గేటు తెరిచే ఉంది. బయట ట్రాక్టరు ఉంది, ఆసుపత్రి రెండు మైళ్ళు. గేటు పక్కన ఉన్న సుంకన్న ఆమెకు అడ్డం వచ్చినాడు. బయటికి పోయే దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాల అనేది కాగితంలో ఐదో మాట. పొద్దున్నుంచీ ఆ దారిలోకి కోడిని కూడా రానీయలేదు వాడు, తన నీడ పడుతుందని పక్కకు జరిగి జరిగి నిలబడినాడు.

"బావా, నొప్పులొస్తున్నాయి. జరుగు, పోవాల" అంది ఈరమ్మ.

"అయ్యో తల్లీ" అన్నాడు సుంకన్న, వాని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగినాయి. "నువ్వు పోతే దారి ఖాళీగా ఎట్లుంటాది?"

ఈరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఖాళీగా ఉండేది మనుషులు పోవడానికి బావా అని చెప్పింది. మనుషులు పోతే అది ఖాళీ కాదు గదమ్మా అని వాడు చెప్పినాడు. పడమర గేటుకు పోదామంటే అది లోపలికి వచ్చే గేటు, ఆట అయ్యేదాకా దాంట్లో బయటికి పోగూడదు. అటు పోలేక, ఇటు పోలేక, ఈరమ్మ మోకు పట్టుకొని మైదానం నడిమధ్యనే కూలబడింది.

నేను ఎన్నో ఆటలు చూసినా. మా ఊరోళ్ళు వాళ్ళ ఊరోళ్ళను తిట్టిన తిట్లు, వాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు పిల్లల ముందర చెప్పేవి కావు. ఆ రోజు మాత్రం ఏ కాగితమూ చెప్పకుండానే ఆరు వందల మంది నోరు మూసుకున్నారు. మా ఊరి ఆడవాళ్ళు మోకు కింద దూరి అటు పోయినారు, వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఇటు వచ్చినారు, కొంగులు చుట్టూ పట్టి గది మాదిరి కట్టినారు. వేడినీళ్ళకు మైదానం మూలలోని టీ అంగడాయన స్టవ్వు ఇచ్చినాడు. మంగమ్మ అని రిటైరైన నర్సమ్మ జనంలో ఉంది, ఆమె లోపలికి పోయింది. రెండు పక్షాలూ కలిసిపోతున్నాయని ఉరుకుందు అరవబోతే బీసన్న పెండ్లాం పప్పు గరిటెతో ఒక్కటి వేసి, నోరు మూసుకొని నీ పెండ్లాం కాళ్ళ దగ్గర కూర్చోమంది. కూర్చున్నాడు. ముప్పావు గంటకు కేరుమని ఏడుపు వినపడింది. ఆడబిడ్డ. అప్పుడు మాత్రం ఇక ఆగలేదు, రెండు ఊళ్ళూ లేచి ఎగిరినాయి. అంతమంది ఒకే గోలుకు ఎగరడం నేను చూడలేదు.

ఆట అక్కడే ఆగింది. మేము పద్నాలుగు, వాళ్ళు పదమూడు. మేము గెలిచినట్టే గానీ ఆ సంగతి ఈరోజుకూ ఎవరూ ఒప్పుకోరు.

ఆట అయిపోయింది కాబట్టి పడమర గేటులోనే బయటికి పంపడం మొదలుపెట్టినాడు మద్దిలేటి. జనం కదిలితే బిడ్డ లేస్తుందని మంగమ్మ వేలు పెదాల మీద పెట్టింది. అంతే, తోపుల్లేవు, అరుపుల్లేవు, పీకినవి తిరిగివ్వాలని కాగితంలో లేదు కాబట్టి ఒంటి చెప్పులతోనే మునివేళ్ళ మీద ఒకరి వెనక ఒకరు నడిచి పోయినారు. సరిగ్గా అప్పుడే ఎస్సై సారు జీపు వచ్చి గేటు బయట ఆగింది. పొద్దున్నుంచీ ఎవరో పెద్దాయన వస్తున్నాడని బందోబస్తుకు పోయి, ఆయన రాకపోతే తిరిగొచ్చినాడు. ఆరు వందల మంది పిల్లుల మాదిరి నడిచిపోవడం చూసి నోరెళ్ళబెట్టినాడు. తన కాగితానికి ఇంత బలముందని ఆయనకే తెలీదు. జీపు దిగకుండానే పైఆఫీసుకు రిపోర్టు రాయడం మొదలుపెట్టినాడు.

లోపల చిక్కు వచ్చి పడింది. ఎంతమంది లోపలికి వచ్చినారో అంతమందే బయటికి పోవాల, ఒక్కరు ఎక్కువైనా తక్కువైనా ఒప్పుకోను అనేది ఆరో మాట. వాళ్ళ నాయన రాళ్ళ కింద మిగిలిపోయినాడని పుట్టిన మాట అది. గేటుకు ఆ పక్క గోడ మీద బయటికి పోయినవాళ్ళకు ఆరు వందల ఎనిమిది గీతలు పడినాయి. లోపల మిగిలింది అన్నదమ్ములు ముగ్గురు, ఈరమ్మ. నాలుగు కలిపితే సరిగ్గా ఆరు వందల పన్నెండు. మద్దిలేటి సంతోషంగా సున్నం తీసుకున్నాడు. సుంకన్న, ఉరుకుందు కలిసి ఈరమ్మను టీ అంగడాయన మంచం మీద మోసుకొచ్చినారు. ఆమె పక్కన గుడ్డలో ఇంకొక మనిషి ఉంది.

మద్దిలేటి సున్నం కింద పెట్టినాడు. మళ్ళీ లెక్కేసినాడు, వేళ్ళు మడిచి లెక్కేసినాడు. ఆరు వందల పదమూడు.

"ఈ బిడ్డ లోపలికి వచ్చినట్టు లెక్కలో లేదు" అన్నాడు. "లోపలికి రాని మనిషి బయటికెట్లా పోతాది?"

నా కడుపులో వచ్చింది బావా అని ఈరమ్మ మంచం మీద నుంచి నీరసంగానే తిట్టింది. అట్లయితే గేటు దగ్గర చెప్పాల్సింది తల్లీ అన్నాడు మద్దిలేటి. ఒక్కరు ఎక్కువైతే సారు తాళం వేస్తాడు, ఊళ్ళో ఆట పోతాది, మంచంలో ఉన్న నాయనకు ఏం మొహం చూపించాల? ముగ్గురూ తలలు పట్టుకున్నారు. అప్పుడు ఉరుకుందు లేచినాడు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బిడ్డ, చేతిలో ఇంకా సరిగ్గా పట్టుకోను కూడా లేదు. వేలితో దాని చెంప ఒక్కసారి తాకినాడు.

"బిడ్డను పోనీ అన్నా. దానికి పాలు కావాల. నేనుంటా లోపల."

వాడు పిచ్చోడే, కాదనను. అయినా ఆ మాట విని ఇంటికి పోబోయేవాణ్ణి ఆగిపోయినా. గేటు బయట నిలబడి విన్న ఒంటి చెప్పు వాళ్ళందరూ ఆగిపోయినారు.

ఈరమ్మ అరుస్తున్నా వినకుండా మంచం బయటికి మోసినారు. బిడ్డకొక గీత పడింది, తల్లికొక గీత పడింది. సుంకన్న పోయినాడు, మద్దిలేటి పోయినాడు, గేటుకు తాళం పడింది. జీపు కాడికి పోయి, సారూ లోపలికి ఆరు వందల పన్నెండు, బయటికి ఆరు వందల పన్నెండు అని సెల్యూట్ కొట్టినారు. సారు తల కూడా ఎత్తకుండా సరి అని రాసి, ముద్ర గుద్ది, రిపోర్టు పంపించేసినాడు. లోపల మనిషి అట్లే ఉన్నాడు.

మరుసటి పొద్దున మంగమ్మ నర్సమ్మ స్టేషనుకు పోయి సారును ఉతికి ఆరేసింది. బాలింత ఏడుస్తుంటే మొగుణ్ణి మైదానంలో పెట్టి తాళమేసిన పుణ్యాత్ముడు నువ్వేనా అని అడిగింది. సారు బెదిరిపోయి డ్రైవరు కానిస్టేబులును వెంటబెట్టుకొని జీపులో వచ్చినాడు. గేటు ముందు మద్దిలేటి, సుంకన్న కావలి ఉన్నారు. లోపల ఉరుకుందు ఆటకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆట లేకపోయినా అలవాటు తప్పలేదు.

సారు గేటు తీయించి, బయటికి రారా అన్నాడు. వస్తే ఒక్కరు ఎక్కువ అవుతాం సారూ అన్నాడు వాడు. సారుకు ఒళ్ళు మండి, దబదబా లోపలికి పోయి వాని రెక్క పట్టుకున్నాడు. మద్దిలేటి మొహం వెలిగిపోయింది. లోపలికి వచ్చినవాళ్ళ గోడ మీద ఆరు వందల పదమూడో గీత గీసినాడు.

"తమ్ముడా, లెక్క సరిపోయింది. ఇంటికి పో" అన్నాడు.

అంతే, ఉరుకుందు సారు చేతిలో నుంచి జారి, గేటు దాటి, ఉయ్యాల దిక్కు పరుగెత్తినాడు. బయటివాళ్ళ గోడ మీద ఆరు వందల పదమూడో గీత పడింది. సుంకన్న తాళం వేసినాడు.

సారు లోపలే మిగిలినాడు. గేటు కమ్ములు పట్టుకొని అరిచినాడు, బెదిరించినాడు, తర్వాత బతిమాలినాడు. మద్దిలేటి కాగితం తీసి, ఈ సంతకం తమరిదేనా సారూ అని మర్యాదగా చూపించినాడు. ఆ కాగితం రద్దు చేస్తున్నా అన్నాడు సారు. రాసి ముద్ర వేయండి అన్నాడు మద్దిలేటి. ముద్ర స్టేషన్లో ఉంది. స్టేషనుకు పోవాలంటే బయటికి రావాల. సారు పదిన్నర దాకా ఎండలో ఆలోచించి, చివరికి డ్రైవరు కానిస్టేబులును లోపలికి రమ్మన్నాడు. వాడు వచ్చినాడు, ఒక గీత. సారు బయటపడినాడు, ఇంకొక గీత. లెక్క సరి.

స్టేషనుకు పోయి ముద్ర చేతిలోకి తీసుకున్నాక దస్తగిరి సారుకు ఇంకొక సంగతి తట్టింది. కాగితం రద్దు చేయాలంటే కారణం రాయాల. కారణం రాస్తే నిన్న పంపిన లెక్క తప్పని పైవాళ్ళకు తెలుస్తాది. మెచ్చుకోలు ఉత్తరం దోవలో ఉంది. ముద్ర మళ్ళీ డబ్బాలో పెట్టేసి, డ్యూటీ పుస్తకం తెరిచి, పందిరిపాడు మైదానం లోపల ఒకరు అని రాసినాడు. ఇంకేముంది, పొద్దున ఒక కానిస్టేబులు పోతాడు, ముందటివాడు బయటికొస్తాడు. దస్తగిరి సారు బదిలీ అయిపోయినాడు. ఆయన తర్వాత ఆరుగురు ఎస్సైలు వచ్చినారు. ఒక్కరు కూడా ఆ డ్యూటీ ఎందుకని అడగలేదు. ఒకాయన మాత్రం అక్కడ కుర్చీ లేదని తెలిసి, కుర్చీ మంజూరు చేయించినాడు.

ఇరవై మూడేళ్ళయింది. ఆట ఏటా అక్కడే జరుగుతుంది, ఎవరికీ దెబ్బ తగల్లేదు, చెంబులు మాత్రం ప్లాస్టిక్‌వి వచ్చినాయి. ఆ బిడ్డకు నర్సమ్మ పేరే పెట్టి మంగ అన్నారు. ఈరమ్మ దాన్ని ఆ గేటు దిక్కు చూడనీయకుండా పెంచింది, బాగా చదివించింది. మంగకు పోలీసు ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు స్టేషనులో డ్యూటీ పుస్తకం తెరిచి ఆమె పేరు ఎక్కడ రాసినారో నేను చెప్పాల్నా?

పోయిన సోమవారం నేను కూడా ఆ గేటు దగ్గరే ఉన్నా, నా చెప్పు ఇమ్మని అడగడానికి. మద్దిలేటికి చూపు తగ్గింది కాబట్టి సున్నం ఇప్పుడు ఉరుకుందు చేతిలో ఉంది. మంగ కొత్త యూనిఫారం వేసుకొని, సద్ది గిన్నె పట్టుకొని గేటు దాటి లోపలికి పోయింది. లోపల ఉన్న కానిస్టేబులు దండం పెట్టి బయటికొచ్చినాడు. ఉరుకుందు గోడ మీద గీత గీసి, ఆ గీతను కొంచెంసేపు చూసి, భుజం మీది టవాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళకు నా బిడ్డ లెక్కలోకి వచ్చింది" అన్నాడు నాతో.

అని గేటుకు తాళం వేసినాడు.